ఎండాకాలం సెలవుల్లో చిన్నపిల్లలతో ఆరుబయట: తరచుగా అడిగే ప్రశ్నలు

నెట్‌లో దొరికే ‘సమ్మర్ యాక్టివిటీస్’ జాబితాలు చాలావరకు చలిదేశాల వాళ్లవి. వాళ్లకు ఎండ రావడమే పండగ. పగలంతా పచ్చికలో దొర్లమంటారు, రాళ్లు తిరగేసి కింద ఏ పురుగుందో చూడమంటారు. మన మే నెలలో మొదటిది చేస్తే వడదెబ్బ, రెండోది చేస్తే తేలుకాటు. అలాగని సెలవులంతా ఏసీ గదిలో ఫోన్ చేతికిచ్చి కూర్చోబెట్టనక్కర్లేదు. మన ఎండాకాలానికి దాని వేళలు, దాని పండ్లు, దాని ఆటలు ఉన్నాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలున్న ఇళ్లవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి.

ఇంత ఎండలో పిల్లల్ని బయటికి తీసుకెళ్లడం అవసరమా?

ఎండలోకి అక్కర్లేదు, ఆరుబయటికి అవసరమే. అంతా వేళను బట్టి ఉంటుంది. మే నెలలో మన దగ్గర ఐదున్నర, ఆరు మధ్య తెల్లారిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలది. ఎనిమిదిన్నర కల్లా ఇంట్లో ఉండాలి. మళ్లీ సాయంత్రం ఐదున్నర దాటాక. ఐదింటికే ఎండ తగ్గినట్టు కనిపించినా సిమెంటు రోడ్డు, డాబా, పార్కులోని ఇనుప జారుడుబల్ల ఇంకా సెగ కక్కుతూనే ఉంటాయి. మీ అరచేతి వెనక వైపు నేలకు ఆనించి కాసేపు ఉంచండి. మీరు ఉంచలేకపోతే పిల్లల పాదాలూ ఉండలేవు. మూడో వేళ రాత్రి. డాబా చల్లబడ్డాక ఎనిమిది, తొమ్మిది మధ్య గంటసేపు బ్రహ్మాండంగా గడుస్తుంది. మనవాళ్లు దాన్ని ఎందుకో లెక్కలోకి తీసుకోరు.

కోస్తాలో ఉండేవాళ్లకు ఒక మాట. ఉష్ణోగ్రత 37, 38 అని చూసి తేలిగ్గా తీసుకోవద్దు. ఉక్కపోతలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. తెలంగాణలో, రాయలసీమలో పొడి ఎండ కాబట్టి చెమట పట్టినట్టే తెలియదు కానీ ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. మైదాన ప్రాంతాల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలుండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే వాతావరణ శాఖ దాన్ని వడగాలిగా లెక్కిస్తుంది. ఆ హెచ్చరిక వచ్చిన రోజు పొద్దుటి వేళ ఒక్కటి చాలు. రోహిణి కార్తెలో, అంటే దాదాపు మే 25 నుంచి జూన్ 7 దాకా, రోళ్లు పగులుతాయన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ రెండు వారాలు సాయంత్రం ఆటను కూడా ఆరు తర్వాతే మొదలుపెట్టండి.

రోజుకు ఎంతసేపు ఆడించాలి?

మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో మూడు గంటలు ఒళ్లు కదిలేలా ఉండాలని, అందులో ఒక గంటైనా పరుగులు, గెంతులు ఉండాలని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇదంతా బయటే జరగాలనేం లేదు. పొద్దున గంటన్నర, సాయంత్రం గంట దొరికితే మిగతాది ఇంట్లో గెంతులతోనే పూర్తవుతుంది. ఆరుబయటి వెలుతురు వల్ల ఇంకో లాభం కూడా ఉంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడిపిల్లల్ని రోజూ అదనంగా 40 నిమిషాలు బయట గడిపేలా చేస్తే, మూడేళ్లలో దగ్గరచూపు సమస్య వచ్చినవాళ్ల సంఖ్య తగ్గింది. దానికి మిట్టమధ్యాహ్నపు ఎండ అక్కర్లేదు. పొద్దుటి పూట చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా ఇంట్లో ట్యూబ్‌లైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఏం తొడగాలి, ఏం తాగించాలి?

లేతరంగు వదులు నూలు బట్టలు, టోపీ, కాళ్లు మూసే చెప్పులు. బయల్దేరే ముందే ఒక గ్లాసు నీళ్లు తాగించండి. ఆటలో పడ్డాక పిల్లలు దాహమని చెప్పరు. పావుగంటకోసారి మీరే పిలిచి నాలుగు గుక్కలు తాగించాలి. మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఉప్పు వేసిన నిమ్మరసం అన్నీ మంచివే. కూల్‌డ్రింక్ వద్దు. రోడ్డు పక్క రంగునీళ్ల ఐసు అసలే వద్దు, అది ఏ నీళ్లతో గడ్డకట్టిందో ఎవరూ చెప్పలేరు. ఒంటేలు ముదురు పసుపుగా వస్తుంటే నీళ్లు చాలట్లేదని అర్థం.

ఆరు నెలలు నిండని పాప ఇంట్లో ఉంటే, ఎండాకాలమైనా సరే విడిగా నీళ్లు పట్టక్కర్లేదు. తల్లిపాలే చాలు, కాకపోతే ఎక్కువసార్లు ఇవ్వాలి. ఈ విషయంలో పెద్దవాళ్లతో చిన్న గొడవ తప్పకపోవచ్చు.

వడదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

ముందు చిరాకు, నీరసం, తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం కనిపిస్తాయి. ఈ దశలో నీడకు తీసుకొచ్చి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగిస్తే చాలావరకు తేరుకుంటారు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు సమం చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీస్పూన్. ఉప్పు అంతకు మించకూడదు.

ఒళ్లు కాలిపోతూ, పిల్ల మత్తుగా ఉన్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బే. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ ఫ్యాను కింద ఉంచండి. స్పృహ సరిగా లేని పిల్లల నోట్లో నీళ్లు పోయొద్దు. జ్వరం మందు వేసి ఎదురుచూడొద్దు, ఈ వేడి దానితో దిగదు.

మేం అపార్ట్‌మెంట్‌లో ఐదో అంతస్తులో ఉంటాం. చుట్టూ చెట్టే లేదు. మాకేం దారి?

బాల్కనీ ఉందిగా. అక్కడ చేయదగ్గవాటిలో మొదటిది పక్షులకు నీళ్లు పెట్టడం. మట్టి మూకుడు తెచ్చి, రెండు అంగుళాల లోతుకు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో ఒక గులకరాయి వేసి నీడలో పెట్టండి. ఒక్కోసారి వారం దాకా ఏ పిట్టా రాకపోవచ్చు. ఒకటి చూసిందంటే మిగతావి వస్తాయి. నీళ్లు మార్చే పని పిల్లలకే ఇవ్వండి. రోజూ పాత నీళ్లు మొక్కకు పోయాలి, మూకుడు రుద్దాలి, కొత్త నీళ్లు నింపాలి. నాలుగేళ్ల పిల్ల కూడా చేయగలదు. ఈ పని మానితే దోమలు తయారవుతాయి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం, పది రోజులే పడుతుంది. ప్లాస్టిక్ గిన్నె వద్దు, నీళ్లు వేడెక్కిపోతాయి.

పావురాలే వస్తాయి, పిచ్చుకలు రావు అని చాలామంది ఫిర్యాదు. అది నిజమే. గింజలు వేయడం మానేసి నీళ్లు మాత్రం పెడితే పావురాల గోల కొంత తగ్గుతుంది. కాకి, గోరింక, పిగిలిపిట్ట కూడా రావడం మొదలవుతుంది. కాకి గట్టిపడిన రొట్టెముక్క తెచ్చి నీళ్లలో నానబెట్టుకుని తినడం ఒక్కసారి కంటపడితే చాలు, పిల్లలు ఇక బాల్కనీ వదలరు.

రెండోది మామిడి టెంక. బాగా చీకిన టెంకను కడిగి ఒకరోజు నీడలో ఆరనివ్వండి. పెద్దవాళ్లు కత్తితో అంచు చీల్చి లోపలి జీడిని జాగ్రత్తగా తీయాలి. దాన్ని తడిగుడ్డలో చుట్టి డబ్బాలో పెడితే రెండు మూడు వారాల్లో వేరు వస్తుంది. అప్పుడు కుండీలోకి మార్చండి. మొదటి ఆకులు రాగిరంగులో మెత్తగా వేలాడుతూ వచ్చి, తర్వాత పచ్చబడి గట్టిపడతాయి. ఆ మార్పును పిల్లలు రోజూ చూడాలి, అసలు సరదా అక్కడే. పైన తొక్కతో సహా పాతినా మొలుస్తుంది కానీ ఆలస్యమవుతుంది, ఈ వయసు పిల్లలకు అంత ఓపిక ఉండదు. బంగినపల్లి టెంక వేస్తే బంగినపల్లి చెట్టే వస్తుందా అని అడుగుతారు. తల్లి చెట్టు లక్షణాలన్నీ రావాలని లేదు, అందుకే తోటల్లో అంటుమొక్కలు వేస్తారు. పిల్లలకు ఇప్పుడు ఆ నిజం చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

అమ్మమ్మగారి ఊరికి వెళ్తున్నాం. అక్కడ ఏమేం చూపించొచ్చు?

అన్నిటికంటే ముందు తాటిచెట్టు. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా ముంజల కాలం. కాయ కోసేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకెళ్లి, గెల దించడం దూరం నుంచి చూపించండి. ఒక్కో కాయలో సాధారణంగా మూడు ముంజలుంటాయి. ‘ఇందులో ఎన్నున్నాయో చెప్పు’ అని పందెం కడితే ఒక్కోసారి రెండే వచ్చి మీరే ఓడిపోతారు. లేత ముంజను బొటనవేలితో నొక్కి తీసే విద్య అయిదేళ్లకే వస్తుంది. బట్టలు మాత్రం పాతవి వేయండి, ఆ మరక పోదు.

ముంజలు తిన్నాక బండి చేయాలి. దాదాపు ఒకే సైజున్న రెండు ఖాళీ బుర్రలు, వాటిని కలిపే జానెడు పుల్ల ఒకటి, చివర పంగ ఉన్న పొడవాటి కర్ర ఒకటి కావాలి. పుల్ల రెండు కొసలనూ బుర్రల మధ్యలోకి గుచ్చితే చక్రాలు తయారు. పంగను ఆ పుల్ల మీద ఆనించి వెనక నుంచి తోసుకుంటూ పోవడమే. పుల్ల మరీ పొట్టిదైతే బండి బోల్తా పడుతుంది, మరీ పొడుగైతే మలుపు తిరగదు. ఎంత ఉండాలో పిల్లల్నే కనిపెట్టనివ్వండి. కొనిచ్చిన రిమోట్ కారు రెండు రోజుల్లో మూలపడుతుంది గానీ, ఈ బండి బుర్రలు ఎండి పగిలేదాకా తిరుగుతూనే ఉంటుంది.

కొబ్బరాకు దొరికితే ఈనె తీసి బూర, గడియారం, కళ్లజోడు అల్లొచ్చు. మీకు రాకపోతే మీ నాన్ననో మేనత్తనో అడగండి. ఆ తరం వాళ్లలో చాలామంది చేతులకు అది ఇంకా గుర్తుంది. యూట్యూబ్ చూసి నేర్పడం కంటే తాతయ్య పక్కన కూర్చుని నేర్చుకోవడమే మేలు.

తురాయి చెట్టు కింద ఒక ఉదయమంతా గడిచిపోతుంది. పువ్వులో అయిదు రేకులుంటాయి. నాలుగు ఎర్రవి, ఒకటి మాత్రం తెలుపూ పసుపూ మచ్చలతో వేరేగా ఉంటుంది. దాన్ని వెతకమనండి. కేసరాలను ఒకదానితో ఒకటి మెలేసి లాగి, ఎవరి తల తెగితే వాళ్లు ఓడినట్టు కోడిపందెం ఆడొచ్చు. మొగ్గ విప్పి పైతొడుగులు గోళ్ల మీద అతికించుకుంటే పులిగోళ్లు. రేల చెట్టు పసుపుపచ్చ గుత్తులతో ఉన్నప్పుడే దాని పొడవాటి నల్లకాయలు కూడా కింద దొరుకుతాయి. ఎండినది ఊపితే గలగలమంటుంది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైనది. చూరు కింద, గుడి అరుగు పక్కన, వాన తగలని మెత్తటి దుమ్ములో చిన్న గరాటుల్లాంటి గుంటలు కనిపిస్తాయి. అడుగున ఒక పురుగు దుమ్ములో దాక్కుని కూర్చుంటుంది. చీమ జారి పడితే దుమ్ము ఎగజిమ్మి కిందికి లాగేస్తుంది. ఒక్కో ఊళ్లో దానికో పేరు, మీ ఊళ్లో ఏమంటారో పెద్దవాళ్లను అడగండి. గడ్డిపోచతో గుంట అంచును సున్నితంగా గీకితే చీమ పడిందనుకుని దుమ్ము చిమ్ముతుంది. అది మనిషిని ఏమీ చేయదు. కొన్నాళ్లకు రెక్కలొచ్చి తూనీగలాంటి రూపంలో ఎగిరిపోతుంది. ఎండాకాలంలో, అదీ దుమ్ములో, ఇంత వేట జరుగుతుందని తెలిశాక పిల్లలు నేల చూస్తూ నడవడం మొదలుపెడతారు.

కోకిల కూత వినిపిస్తుంది గానీ కనిపించదు. ఎలా చూపించాలి?

పొద్దున ఆరింటికి, ఆకు దట్టంగా ఉన్న మామిడి, రావి, మర్రి చెట్లలో వెతకండి. నల్లగా, ఎర్రకళ్లతో ఉండేది మగది, ‘కూ కూ’ అని పాడేది అదే. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. అది పాడదు, ‘కిక్ కిక్’ అని అరుస్తుంది. గుడ్లు కాకి గూట్లో పెడుతుంది కాబట్టి కాకులు కోకిలను తరుముతుంటే ఆ దగ్గర్లో గూడు ఉందని అర్థం. గూటి దగ్గరికి వెళ్లొద్దు, కాకి నెత్తి మీద తన్నిపోతుంది.

పురుగుల్ని పట్టుకోనివ్వచ్చా?

చూడనివ్వండి, పట్టుకోనివ్వకండి. ఈ ఒక్క నియమం ఉంటే చాలా టెన్షన్ తగ్గుతుంది. మునగచెట్టు మొద్దు మీద గుంపుగా ఉండే బొంత పురుగుల వెంట్రుకలు తగిలితే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. కందిరీగల గూడు, తేనెపట్టు ఉన్న చెట్టు కింద ఆటే వద్దు. చీమలబారు దగ్గర చిన్న బెల్లంముక్క పెట్టి, ఎంతసేపట్లో కబురు తెలుస్తుందో లెక్కపెట్టడం లాంటివి ఎన్నైనా ఆడుకోవచ్చు.

పాములు, తేళ్లు అంటే భయం. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

భయం మంచిదే, అతి వద్దు. రాళ్లు, ఇటుకల కుప్ప, కట్టెల మోపు, పేడదిబ్బ కదిలించొద్దు. కన్నాల్లో చేయి పెట్టొద్దు. బయట వదిలిన చెప్పులు దులిపి వేసుకోవాలి. చీకటి పడ్డాక టార్చి లేకుండా వాకిట్లోకి కూడా దిగొద్దు. ఆరుబయట పడుకుంటే మంచం మీదే, దోమతెర చుట్టూ పరుపు కిందికి దోపి. కట్లపాము రాత్రిపూట నేల మీద నిద్రపోయేవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది, గాటు కూడా సరిగా కనిపించదు.

మన దగ్గర ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు రకాల పాములు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. ఏది కరిచిందో తెలుసుకోవాలని పాము వెంట పడొద్దు. బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కరిచిన కాలో చేయో కదలకుండా ఉంచి, విషానికి విరుగుడు మందు ఉండే పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి. తేలు విషయంలో పెద్దవాళ్లు ‘కాసేపు మంట పుట్టి తగ్గిపోతుంది’ అంటారు. చిన్నపిల్లలకు ఆ మాట వర్తించదు. ఎర్రతేలు కుడితే గుండె మీద ప్రభావం పడుతుంది. చెమటలు, వాంతులు, చేతులు కాళ్లు చల్లబడటం కనిపించేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వీటన్నిటి కంటే ఎక్కువగా ఎదురయ్యేది వీధికుక్క. కరిచినా, గోరు గీరినా, పుండు మీద నాకినా పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడిగి, అదే రోజు టీకా మొదలుపెట్టించండి. పసుపు, కారం పూయొద్దు.

ఏ చెట్లు, కాయలు ముట్టుకోకూడదు?

పచ్చగన్నేరు, ఎర్రగన్నేరు, ఉమ్మెత్త పూర్తిగా విషం. గురివింద గింజలు ఎర్రగా నల్లమచ్చతో ముద్దొస్తాయి, అందుకే చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. నమిలితే ప్రాణాంతకం. దండలకు గుచ్చుకునే ఆట పెద్దపిల్లలకు వదిలేయండి. అడవి ఆముదం గింజలు వేరుశనగల్లా ఉన్నాయని తిని పిల్లలు వాంతులతో ఆసుపత్రి పాలైన వార్తలు అప్పుడప్పుడు వస్తూనే ఉంటాయి. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకు ప్రమాదం. మామిడికాయ సొన మూతి చుట్టూ పుండ్లు చేస్తుంది, కాయ కోసి కడిగాకే ఇవ్వండి. పెద్దవాళ్లను అడగకుండా ఏదీ నోట్లో పెట్టుకోకూడదన్నది రోజూ చెప్పాల్సిన మాట.

తినదగ్గవి మాత్రం బోలెడు. మార్చి నుంచి మే దాకా సీమచింతకాయలు, మే, జూన్‌లలో ఈతపండ్లు, తొలకరి వేళకు నేరేడు.

కాలువలో, చెరువులో దిగనివ్వచ్చా?

వద్దు. దీంట్లో బేరమే లేదు. ఏటా వేసవి సెలవుల్లో మన పేపర్లలో వచ్చే విషాదాల్లో ఈతకు వెళ్లిన పిల్లలవే ఎక్కువ. చెరువులో మట్టి తవ్విన గుంతలు పైకి కనిపించవు. ఎండిన కాలువలోకి నీళ్లు వదిలితే మట్టం చూస్తుండగానే పెరుగుతుంది. చిన్నపిల్లలకు నీళ్లాట అంటే పెరట్లో తొట్టి, చెంబు, గరాటు, నాలుగు ఆకులు చాలు. ఆ తొట్టి దగ్గర కూడా చేయి చాస్తే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఉండాలి. ఫోన్ పక్కన పెట్టి ఉండాలి. ఆట అయిపోగానే తొట్టి బోర్లించాలి.

మట్టిలో ఆడితే జబ్బులు రావా?

వచ్చేవి ముఖ్యంగా నులిపురుగులు. చెప్పులు వేసుకోవడం, గోళ్లు కత్తిరించడం, తినేముందు సబ్బుతో చేతులు కడగడం, ఫిబ్రవరిలో, ఆగస్టులో అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర. ఇవి పాటిస్తే మట్టి ఆట మానిపించాల్సిన పనే లేదు. పిల్లులు, కుక్కలు తిరిగే ఇసుకకుప్ప ఒక్కటి వద్దు.

నీడ మాయమయ్యే రోజు ఉంటుందట, నిజమేనా?

నిజమే. కర్కట రేఖకు దక్షిణాన ఉన్న మన ఊళ్లన్నిట్లో ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా ఉన్న వస్తువు నీడ దాని కిందే దాక్కుంటుంది. మొదటిది వేసవి సెలవుల్లోనే పడటం మన అదృష్టం. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతంలో, విజయవాడలో మే 6, హైదరాబాద్‌లో మే 9, విశాఖలో మే 11 ప్రాంతంలో వస్తుంది. హైదరాబాద్‌లో సమయం సుమారు 12 గంటల 12 నిమిషాలు. విశాఖలో పన్నెండుకు కొన్ని నిమిషాల ముందే.

డాబా మీద స్టీలు గ్లాసు బోర్లించి పెట్టండి. పావుగంటకోసారి మీరొక్కరే వెళ్లి సుద్దముక్కతో నీడ అంచు గీసి రండి. అసలు క్షణానికి మాత్రం పిల్లల్ని టోపీలతో, చెప్పులతో రెండు నిమిషాలు పైకి తీసుకెళ్లి దించేయండి. మధ్యాహ్నం బయటికి రావడానికి సెలవులన్నిట్లో నేను ఒప్పుకునే మినహాయింపు ఇదొక్కటే. సూర్యుడి వైపు చూడొద్దని ముందే గట్టిగా చెప్పాలి. ఢిల్లీలో ఉన్న మన బంధువుల పిల్లలకు ఇది ఎప్పటికీ కనిపించదు, ఆ ఊరు కర్కట రేఖకు ఉత్తరాన ఉంది.

రాత్రి డాబా మీద ఏం చూపించాలి?

మే నెలలో ఎనిమిదిన్నరకు ఉత్తరం వైపు తల ఎత్తితే సప్తర్షి మండలం, గరిటె ఆకారంలో ఏడు చుక్కలు. తోక మధ్యలో ఉన్నది వశిష్ఠుడు, పక్కనే మసగ్గా అరుంధతి. పెళ్లిలో చూపిస్తారే, అదే. చాలా పెళ్లిళ్లు పగలే జరుగుతాయి కాబట్టి అక్కడ కనిపించేది ఏమీ ఉండదు, ఇక్కడ నిజంగానే చూడొచ్చు. ఆ తోక వంపునే ముందుకు సాగదీస్తే నారింజరంగు స్వాతి, ఇంకా సాగదీస్తే తెల్లటి చిత్త. నెలాఖరులో తొమ్మిది దాటాక ఆగ్నేయంలో తేలు ఆకారం, దాని మధ్యలో ఎర్రటి జ్యేష్ఠ. నక్షత్రం పేరు పెట్టుకున్న పిల్లలుంటే, వాళ్ల చుక్కతోనే మొదలుపెట్టండి. డాబాకు పిట్టగోడ ఎత్తు ఎంతుందో ముందే చూసుకోండి.

విత్తన బంతులు చేయించొచ్చా?

చేయించండి, మట్టి పిసకడం పిల్లలకు ఇష్టం. ఎర్రమట్టిలో కొంచెం మాగిన పశువుల ఎరువు కలిపి, మధ్యలో కానుగ, చింత, సీతాఫలం గింజలు పెట్టి నిమ్మకాయంత ఉండలు చేసి నీడలో ఆరబెట్టాలి. మంచి వాన పడ్డాకే విసరాలి. కాకపోతే విసిరినవాటిలో చాలావరకు మొలవవు. మొలిచినా పిల్లలకు కనిపించవు. అందుకే సగం కుండీల్లో వేయించమంటాను. వేపగింజ మాత్రం దాచొద్దు. పండిన కొద్ది వారాల్లోనే దానికి మొలిచే శక్తి పోతుంది, రాలిన వెంటనే నాటాలి.

సెలవుల్లో ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే?

హైదరాబాద్‌లో ఉంటే పొద్దున్నే కేబీఆర్ పార్కు. నగరం మధ్యలో నెమళ్లు తిరుగుతాయి. కొత్తగూడ బొటానికల్ గార్డెన్, వనస్థలిపురం హరిణ వనస్థలి కూడా బాగుంటాయి. జూకు సోమవారం సెలవు, మిగతా రోజుల్లో వెళ్లినా ఎండెక్కితే జంతువులు నీడలో పడుకుంటాయి కాబట్టి తలుపు తీసే వేళకే వెళ్లాలి. విశాఖలో కంబాలకొండ ఉంది. కాకినాడ దగ్గర కోరింగలో మడచెట్ల మధ్య చెక్కబాట మీద నడవొచ్చు, బురదలో ఎండ్రకాయల్ని చూడొచ్చు. గోదావరి జిల్లాల వాళ్లకు కడియం నర్సరీలు ఒక సాయంత్రానికి చాలు. నేలపట్టు, పులికాట్, కొల్లేరు పక్షుల కోసమైతే ఇప్పుడు వద్దు. అవి చలికాలపు ప్రయాణాలు.

సమ్మర్ క్యాంపులో చేర్పించాలా?

ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో అది అవసరమే, దానికి సంజాయిషీ ఏమీ అక్కర్లేదు. చేర్పించే ముందు మూడు అడగండి. పదకొండు నుంచి నాలుగు దాకా పిల్లల్ని ఎక్కడ ఉంచుతారు? ఎంతమందికి ఒక పెద్దమనిషి ఉంటారు? ఈతకొలను ఉంటే అక్కడ ఎవరు కాపలా ఉంటారు? బ్రోచర్‌లో ‘నేచర్ వాక్’ అని ఉండి, ఆ నడక మధ్యాహ్నం పన్నెండింటికి ఉంటే అక్కడ చేర్చొద్దు.

పిల్లాడు పది నిమిషాలకే ‘బోర్’ అంటున్నాడు. ఫోన్ కావాలంటున్నాడు.

మొదటి వారం అంతే. ‘ఇది చూడు, అది చూడు’ అని వెంటపడకండి. వాడు ఉడుత వెనక పోతుంటే మీ ప్లానులో ఉన్న పువ్వు దగ్గరికి లాక్కురావద్దు. మీరు మాత్రం అక్కడే కూర్చుని మీ ఫోన్ కూడా జేబులో పెట్టండి. కష్టమైనదల్లా ఆ రెండోదే.

మేం అమెరికా నుంచి వస్తున్నాం. జూన్, జూలైలో ఏం దొరుకుతుంది?

మీ పిల్లల సెలవులు మొదలయ్యేసరికి ఇక్కడ మామిడి చివరికి వస్తుంది, వాన మొదలవుతుంది. అది నష్టమేం కాదు. తొలి వానల తర్వాత రెండు మూడు రోజులు ఇసుక నేలల్లో, చేల గట్ల మీద ఎర్రటి మఖమల్ గుడ్డ కప్పుకున్నట్టుండే ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. ఎనిమిది కాళ్లు లెక్కపెట్టమనండి. కుట్టవు, కరవవు. అరచేతిలోకి ఎక్కించుకుని వదిలేయొచ్చు, పైన చెప్పిన ‘పట్టుకోవద్దు’ నియమానికి ఇదొక్కటే సడలింపు. పాత అగ్గిపెట్టెల అలవాటు మాత్రం వద్దు, చచ్చిపోతాయి. తుమ్మ, ఈత చెట్ల కొమ్మలకు గిజిగాళ్లు గూళ్లు అల్లడం కూడా ఈ రోజుల్లోనే మొదలవుతుంది. సగం అల్లిన గూడు పూర్తయిన గూడు కంటే చూడటానికి బాగుంటుంది. పిల్లలకు టైఫాయిడ్ టీకా, దోమతెర, కాచిన నీళ్లు మర్చిపోవద్దు.

ఆడుతుండగా గాలివాన వస్తే?

మే చివర్లో, జూన్ మొదట్లో సాయంత్రాలు ఇది మామూలే. ఉరుము వినిపిస్తే ఆట ఆపి గట్టి కప్పున్న ఇంట్లోకో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. చెట్టు కింద, రేకుల షెడ్డులో, కరెంటు స్తంభం పక్కన నిలబడొద్దు. మామిడికాయలు రాలుతున్నాయని పిల్లలు తోటలోకి పరిగెత్తేది సరిగ్గా అప్పుడే, కాబట్టి ముందే పట్టుకోండి. చివరి ఉరుము వినిపించాక అరగంట ఆగి పంపిస్తే, రాలిన కాయలు ఎక్కడికీ పోవు.